శబ్దం చెయ్యని గడియ

కొత్త ఫ్లాటు, నాలుగో అంతస్తు
జూన్

బాబాయ్,

తాళాలు చేతికొచ్చాయి. ఆ మాట చెబుదామని నీకు ఫోన్ కూడా చేశాను. నువ్వు "ఎవరూ? ప్లైవుడ్డా? నాకొద్దు" అని పెట్టేశావు. అందుకే పాత పద్ధతికి దిగాను. రంపం మిషన్ నీ చెవులు తినేసినా కళ్లు మిగిల్చింది కదా, చదువుకో.

ఫ్లాటు చిన్నదే. హాలు, రెండు గదులు, వంటగది, ఆకాశం కనిపించే కిటికీ ఒకటి. గోడలన్నీ ఆసుపత్రి తెలుపు. ఏదైనా మాట్లాడితే ఆ మాట గోడకి కొట్టుకుని మళ్లీ మన మొహానే పడుతోంది. బిల్డరు తాలూకు మనిషి ఒక బొమ్మల పుస్తకం తెచ్చి చూపించాడు. అందులో ఇళ్లన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. అన్నీ మెరుస్తున్నాయి, ఎక్కడా మనిషి చెయ్యి పడ్డ జాడ లేదు. "ఇందులో ఏ మోడల్ కావాలి మేడమ్?" అన్నాడు. "మా బాబాయ్ కావాలి" అన్నాను. పాపం, పుస్తకంలో వెతికినంత పని చేశాడు.

నా ఉద్యోగం నీకు తెలుసు. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని రోజంతా జనం తిట్లు వినడం, విన్నాక "మీ బాధ అర్థమైందండీ" అనడం. మీ అల్లుడిది అంతకన్నా ఘోరం. సిటీ బస్సు తోలి తోలి, ఇంటికొచ్చాక కుక్కర్ కూత పెట్టినా కాలు బ్రేకు మీదికి పోతుంది ఆయనకి. ఆయన కోరిక ఒక్కటే, ఒక కుర్చీ. దాని వెనక గోడ ఉండాలి. వెనక నుంచి ఎవరూ "ఆపండి, ఆపండి" అనకూడదు.

నా కోరికలు ఇంకాసిని ఉన్నాయి. కిటికీ కింద కూర్చోడానికి సుమారు నాలుగున్నర అడుగుల బల్ల, అల్మారాలకి నువ్వు చేత్తో తిప్పి చేసిన పిడులు, పుస్తకాలకి అరలు. కర్టెన్లు నేను కుట్టుకుంటాను. గోడలకి ఆ తెలుపు గీకించి సున్నంలో మట్టిరంగు కలిపి చేత్తో రుద్దుదామనుకుంటున్నాను. ఇంట్లోకి అడుగుపెడితే భుజాలు వాటంతటవే కిందికి దిగాలి. అలాంటి ఇల్లు కావాలి నాకు.

నీ
అమ్మడు


షెడ్డు నుంచి
జూన్

అమ్మడూ,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, రంపమూ.

కిటికీ కింద "సుమారు నాలుగున్నర అడుగులు" అని రాశావు. సుమారు అనే కొలత నా టేపు మీద లేదు. అల్లుణ్ని ఒక కొస పట్టుకోమని, నువ్వు రెండో కొస పట్టుకుని, కొట్టుకోకుండా కొలిచి పంపు. కిటికీ గట్టు ఎంత ఎత్తులో ఉందో, గోడ ఎక్కడ వంకరపోయిందో కూడా రాయి. వంకరపోని గోడ నేనింతవరకు చూడలేదు.

కూల్చేసిన బడి తలుపులు కొన్ని దొరికాయి నాకు. చెక్క పాతదైనా గట్టిది, ఇక కొత్తగా వంగేది లేదు. దాంతో చేస్తాను. ఇల్లు కట్టి చూడు అన్నారు కానీ, కట్టిన ఇంటిని మనదిగా చేసుకుని చూడమని ఎవరూ అనలేదు. అసలు కష్టం అక్కడే ఉంది.

ఒక్క మాట. చెక్కపని చెయ్యగలను గానీ ప్రశాంతత చెయ్యలేనమ్మా. మొన్నామధ్య ఒకాయన ధ్యానానికి పీట చేయించుకున్నాడు. ఇప్పుడు దాని మీద కూర్చునే పెళ్లాంతో పోట్లాడుతున్నాడట.

కుర్చీ మొదలుపెట్టాను. ఎవరూ వెనక నిలబడలేనంత ఎత్తుగా పెడుతున్నాను వీపు.

బాబాయ్


కొత్త ఫ్లాటు
ఆగస్టు

బాబాయ్,

బల్ల ఆపెయ్యి. కోసేశావా? కోసేసినా సరే, ఆపి ఈ ఉత్తరం చదువు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. అయినవాళ్లు లేని పిల్లల్ని, వాళ్ల సంగతి ఏదో ఒకటి తేలేవరకు ఇంట్లో పెట్టుకునే వాళ్లు కావాలంటే, చాన్నాళ్ల కిందట శిశు సంక్షేమ ఆఫీసులో మా పేర్లు ఇచ్చి వచ్చాం. మాకు పిల్లలు లేని సంగతి నువ్వొక్కడివే ఎప్పుడూ ఎత్తలేదు. అందుకే నీకు చెప్పడం నాకు తేలిక. పిలుస్తారని అనుకోలేదు. పిలిచారు.

ఆడపిల్ల. ఏడేళ్లంటున్నారు, చూస్తే ఐదుకి మించదు. తల్లి పోయింది. తండ్రి ఉన్నాడు గానీ, ఇప్పట్లో బయటికి రాని చోట ఉన్నాడు. పనికి పోతూ పిల్లని గదిలో పెట్టి బయట గొళ్లెం పెట్టేవాడట. తీసేవాడో లేదో మాకెవరూ సరిగ్గా చెప్పలేదు. మాకు తెలిసిందల్లా, మన ఇంట్లో గొళ్లెం టక్కుమంటే ఆ పిల్ల ఉన్నచోటే కూలబడి మోకాళ్లలో తల పెట్టుకుంటుంది.

మంచం ఎక్కదు. భోజనాల బల్ల కింద దుప్పటి పరుచుకుని పడుకుంటుంది. మాట్లాడదు. బిస్కెట్లు ఇస్తే ఒకటి తిని రెండు దాస్తుంది. సోఫా సందులో, నా చెప్పులో, మీ అల్లుడి యూనిఫాం జేబులో. ఆయన డ్యూటీలో చిల్లరకని చెయ్యి పెడితే బిస్కెట్ పొడి వచ్చిందట. ఆ రోజు నుంచి 'ఉడత' అంటున్నాడు. ఆ పేరు వినగానే పిల్ల తలెత్తి చూసింది. అంతే, అదే పేరయిపోయింది.

కిటికీ బల్ల వద్దు బాబాయ్. రెండో గదిలో అల్మారాకీ గోడకీ మధ్య ఒక మూల ఉంది. అక్కడ గూడులాంటిది కావాలి. పైన చెక్క కప్పు, తక్కువ ఎత్తులో. లోపల పడుకుంటే పైకప్పు చేతికి అందాలి. మూడు వైపులా చెక్క, నాలుగో వైపు తెర. అంచులన్నీ గుండ్రంగా ఉండాలి. ఇక ఆ గది తలుపుకి శబ్దం చెయ్యని గడియ. లోపల నుంచి అది తనే తీసుకోగలిగేంత కిందికి ఉండాలి. కొలతలు వెనక రాశాను. ఈసారి సుమారు అని ఎక్కడా లేదు.

"కొన్నాళ్లే" అన్నారు ఆఫీసరుగారు. పది సంతకాలు పెట్టించుకుని మరీ అన్నారు.

అమ్మడు


షెడ్డు
ఆగస్టు

అమ్మడూ,

కోసిన చెక్క వృథా కాలేదు. గూటికి అడుగు అదే వేశాను.

గడియ దగ్గర పెద్ద చిక్కొచ్చింది. చెక్కతో చేసి తోలు అతికించాను. శబ్దం వస్తోందో లేదో నాకెలా తెలియాలి? నా మటుకు నాకు లోకంలో గడియలన్నీ నిశ్శబ్దమే. పక్క కొట్టు టైలర్ని పిలిచి, తలుపుకి చెవి ఆనించి వినమన్నాను. మొదటిది "డబ్బా కొట్టినట్టుంది" అని కాగితం మీద రాసి చూపించాడు. రెండోది "ముసలాయన దగ్గినట్టుంది". ఇంకోటి చేశాను. తన మిషన్ ఆపి, వీధి తలుపు మూసి, ఊపిరి బిగబట్టి విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి "వేశావా?" అన్నాడు. ఆ మాట వాడి పెదాల మీద చదివాను. అదే పంపిస్తున్నాను.

గూడు విడి భాగాలుగా వస్తుంది. అల్లుడు బిగించగలడు. ఏది దేనికో పెన్సిల్‌తో రాశాను.

అమ్మడూ, నువ్వు అడక్కపోయినా ఒకటి చెబుతాను, కోప్పడకు. కొన్నాళ్లే అన్నారు కదా. ఆ మాట కూడా ఎక్కడో ఒకచోట పెన్సిల్‌తో రాసి పెట్టుకో.

బాబాయ్


ఇల్లు
అక్టోబరు

బాబాయ్,

ఫ్లాటు అని రాయబోయి ఇల్లు అని రాశాను. చూశావా?

గూడు బిగించాం. ఆయన బిగిస్తుంటే ఉడత దూరంగా గోడకి ఆనుకుని చూసింది. అయ్యాక మేమిద్దరం వంటగదిలోకి వెళ్లి పనున్నట్టు నటించాం. తిరిగొచ్చేసరికి తెర వేసి ఉంది. తెర కింద నుంచి రెండు వేళ్లు కనిపించాయి. అంచు మీద నువ్వు నున్న చేసిన చోట అటూ ఇటూ రాస్తోంది. ఆ సాయంత్రం నుంచి బల్ల కింద దుప్పటి మళ్లీ పరవలేదు.

గడియ దానికి ఆటయిపోయింది. వేస్తుంది, తీస్తుంది, మళ్లీ వేస్తుంది. ఇంట్లో ఉన్నంతసేపూ మేం గుమ్మం బయటే నిలబడి, లోపలికి రావచ్చా అని అడుగుతాం. ఒకసారి రావచ్చు అంటుంది, ఒకసారి అసలు జవాబే ఉండదు. ఆయన నవ్వుతాడు. "బస్సులో తలుపు నాది, ఇంట్లో తలుపు దానిది" అంటాడు.

అవును, మాట్లాడుతోంది. గోడ దగ్గర మొదలైంది. సున్నం కలిపి ఇద్దరం చేతులతో రుద్దుతున్నాం. నా చెయ్యి పడ్డచోట పెద్ద మబ్బులాగా, దాని చెయ్యి పడ్డచోట చిన్న మబ్బులాగా వచ్చింది. దాని చెయ్యి అందినంత ఎత్తు వరకు గోడ ఒక తీరు, ఆ పైన ఒక తీరు. మేస్త్రీ వచ్చి "సమంగా లేదమ్మా, మళ్లీ కొట్టనా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఉడత "వద్దు" అంది. ఇన్నాళ్లకి దాని నోట మొదటి మాట, బాబాయ్. "వద్దు" అనే మాట అంత బావుంటుందని నాకు తెలియదు.

ఇక ఇప్పుడు ఆపడం మా వల్ల కావడం లేదు. నీ గురించి చెబితే "ఆ తాతకి వినపడదా?" అంది. వినపడదన్నాను. "మరి తిడితే?" అంది. తిట్టినా వినపడదన్నాను. "మంచిది" అంది.

నిన్నొకటి అడగమంది. కింద తన చేత్తోనే రాస్తానంది, చదువుకో.

అమ్మడు

తాతా సంచి తగిలించడనికి మేకు కావలి నాకు అందేలగ


షెడ్డు
అక్టోబరు

ఉడతగారికి,

మీ ఆర్డరు అందింది. మేకు ఒకటి అడిగారు, చెక్కవి నాలుగు పంపుతున్నాను. అడుగున ఉన్నది ఇప్పటికి. దానిపైది ఇంకాస్త పొడుగైనప్పటికి. ఆపైది మీరు పెద్ద బళ్లో చేరినప్పటికి. అన్నిటికన్నా పైది, మీ నాలుగో అంతస్తు మేడమ్‌ని మీరు కిందికి చూసే రోజుకి.

తప్పులు దిద్దడం నాకు రాదు. నా స్పెల్లింగ్ కూడా అంతంతమాత్రం.

అమ్మడూ, నీకు విడిగా రాయడానికేం లేదు. టైలరు ఉడత రాసిన కాగితం అడిగి తీసుకెళ్లి వాళ్లావిడకి చూపించాడు. తిరిగి తెచ్చేదాకా నాకు పని సాగలేదు.

బాబాయ్


ఇల్లు
డిసెంబరు

బాబాయ్,

మేకులు బిగించాం. బావున్నాయి.

హాలు కర్టెన్లు అయిపోయాయి. ముతక నూలు బట్ట, ఎండుగడ్డి రంగు. మధ్యాహ్నం ఎండ అందులోంచి వస్తే గది అంతా పాలల్లో పసుపు కలిపినట్టుంది. ఆయన పేము అల్లడం నేర్చుకుని దీపానికి బుట్టలాంటిది చేశాడు. ఒక పక్కకి ఒరిగింది, అయినా బానే ఉంది. వంటగది అల్మారాలకి నీ పిడులు వేశాం. రెండు తక్కువొచ్చాయి, తొందర లేదు.

చలి ఎక్కువగా ఉంది. నీ ఆరోగ్యం జాగ్రత్త.

అమ్మడు


షెడ్డు
డిసెంబరు

అమ్మడూ,

పిడులు పంపాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కర్టెన్ ఉంది, బుట్ట ఉంది, చలి ఉంది. ఉడత ఏది?

బాబాయ్


ఇల్లు
జనవరి

బాబాయ్,

రాద్దామనే కూర్చున్నాను. చెయ్యి కర్టెన్ల గురించి రాసుకుంటూ పోయింది.

ఉడతకి పిన్ని ఉంది. తల్లికి సొంత చెల్లెలు. ఎక్కడో దూరాన, సముద్రం మీద తిరిగే ఓడలో వంటమనిషిగా పని చేసేదట. అక్కతో మాటల్లేవు. అక్క పోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజే ఉద్యోగం వదిలేసి, తర్వాతి రేవులో దిగిపోయి, ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. మాకు నవంబరులోనే చెప్పారు.

మొన్న ఆఫీసరుతో కలిసి ఇంటికొచ్చింది. తలుపు తీయగానే నాకు అర్థమైపోయింది. గడ్డం అదే. నవ్వాలా వద్దా అని ఆగినప్పుడు కింది పెదవి అలాగే ఒక పక్కకి పోతుంది.

ఆవిడ చెడ్డదైతే బావుండేది బాబాయ్. తిట్టుకోడానికైనా ఒకరు దొరికేవాళ్లు. చెప్పులు బయట విప్పి, గదిలోకి పోకుండా గుమ్మం దగ్గరే కూర్చుంది. ఉడత గూట్లోంచి రాలేదు. ఆవిడ పిలవలేదు. చాలాసేపు అలాగే నేల మీద కూర్చుని, పోయేముందు ఒక్క అడుగు లోపలికి వేసి గూటి అంచు మీద చెయ్యి వేసి చూసింది. "ఇంత చేశారు. నాకున్నది ఒక్క గది. నేనిలాంటివేవీ చేయించలేను" అంది నాతో. "టీ తాగుతారా?" అన్నాను.

ఆయన ఆఫీసుకి వెళ్లి అడిగి వచ్చాడు. రక్తసంబంధం ఉన్నవాళ్లు వచ్చి, వాళ్లలో వంక పెట్టడానికేమీ లేకపోతే, పిల్ల వాళ్లకే. అదే నియమం. నాకు మనసొప్పక మళ్లీ నేను ఫోన్ చేశాను. ఇక్కడ ఎంత బావుందో చెప్పాను. గోడ గురించి, గడియ గురించి, "వద్దు" అన్న మాట గురించి. అటు వైపున ఒకమ్మాయి అంతా ఓపిగ్గా విని, "మీ బాధ అర్థమైందండీ" అంది.

ఆ మాట తర్వాత ఏమీ జరగదని నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఫోన్ పెట్టేశాను.

ఫిబ్రవరిలో తీసుకెళ్తారు.

అమ్మడు


షెడ్డు
జనవరి

అమ్మడూ,

ఆ ఆఫీసరు చిరునామా పంపు. నేను వచ్చి మాట్లాడతాను. నాకు వినపడదు కాబట్టి ఆయన కారణాలు నేను వినక్కర్లేదు.

లాయర్ని పెట్టండి. రక్తం రక్తం అంటారేమిటి, పిల్ల తెర వెనక దాక్కుంటే బయట గంటలు గంటలు నిలబడ్డది ఎవరు? ఓడలో వంట చేసుకునే మనిషికి ఏం తెలుసు దాని సంగతి? పెద్దాఫీసు ఒకటి ఉంటుంది, దాని పైన ఇంకోటి ఉంటుంది. అన్నిటికీ వెళ్లండి. అల్లుణ్ని సెలవు పెట్టమను. కొన్నాళ్లు ఎక్కడికైనా తీసుకెళ్లిపోండి. ఇక్కడికి రండి. షెడ్డు వెనక గది ఖాళీగా ఉంది.

పెన్సిల్‌తో రాసి పెట్టుకోమని నీకు బుద్ధులు చెప్పినవాణ్ని నేనే. ఆ ఉత్తరం చింపి పారెయ్.

ఇది పోస్టులో వెయ్యబోతే టైలరు ఆపాడు. పైన రాసిందంతా చదివి, "ఆ పిన్ని కూడా ఎవరికో ఇలాగే రాసుకుంటూ ఉంటుంది" అని కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆ కాగితం ఉండచుట్టి పొయ్యిలో పారేశాను. వాడితో మాట్లాడ్డం మానేశాను.

అయినా పంపుతున్నాను. నువ్వు ఏది చెయ్యగలిగితే అది చెయ్యి. చెయ్యలేకపోతే, నేనేమీ అనుకోను.

బాబాయ్


ఇల్లు
ఫిబ్రవరి

బాబాయ్,

తీసుకెళ్లారు.

ముందు నుంచీ మెల్లగా చెప్పాం. బొమ్మలు వేసి చెప్పాం. ఆవిడ వారం వారం వచ్చి కూర్చునేది. తర్వాత్తర్వాత ఉడత తెర కాస్త తీసి పెట్టేది. ఒక రోజు ఆవిడ తన ఫోన్‌లో అక్క చిన్నప్పటి ఫోటో చూపిస్తే, చాలాసేపు చూసి "ఈమె నాలా ఉంది" అంది. నేను వంటగదిలోకి వెళ్లిపోయాను.

ఆ రోజు పొద్దున నేను సంచి సర్దుదామని గదికి వెళ్లాను. తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు. నీ గడియ ఎంత బాగా చేశావంటే, అది ఎప్పుడు బయటికొచ్చిందో మాకు తెలియలేదు. వీధి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. బట్టలు వేసేసుకుంది. సంచి తనే సర్దుకుని భుజాన వేసుకుంది. ఏడవలేదు, అడగలేదు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్లడం దానికి మనకన్నా బాగా తెలుసు, అదే నాకు సహించలేదు.

వంటగది గట్టు మీద చూస్తే బిస్కెట్లు. దాచినవన్నీ బయటికి తీసి పెట్టింది. కొన్ని బూజు పట్టాయి, కొన్ని పిండయిపోయాయి. "ఇవి మీవి" అంది.

మావి కావు, నీవే అన్నాడు ఆయన. అది తల అడ్డంగా ఊపింది. ఆయన ఒకటి తీసుకుని అక్కడికక్కడే తినేశాడు, బూజు పట్టిందో లేదో కూడా చూడకుండా. అప్పుడు నవ్వింది. ఆయన ఇంకోటి తిన్నాడు. పిన్ని వచ్చేదాకా తింటూనే ఉన్నాడు.

గూడు కూడా ఇచ్చేస్తామన్నాం. విప్పి, తీసుకెళ్లి బిగించి వస్తామన్నాం. ఆవిడ గదిలో అది పట్టదట. కొలిచి చూపించింది కూడా. దిగి ఆటో ఎక్కేటప్పుడు ఉడత వెనక్కి తిరిగి చూడలేదు. చూడకపోవడమే మంచిదని ఆయన అన్నాడు.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. పిల్ల తల దువ్వనివ్వడం లేదు, మీరెలా దువ్వేవారు అని అడిగింది. చెప్పాను. ముందు మీ తల దువ్వమని దువ్వెన దానికివ్వండి, చిక్కులు లాగినా ఓర్చుకోండి, ఆ తర్వాత అదే దువ్వెన మీకిస్తుంది అన్నాను. అడిగినదానికి జవాబు చెబుతూ చెబుతూ నాకు తెలిసినదంతా చెప్పేశాను. గట్టిగా పిలవద్దని, అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని చూడొద్దని, "వద్దు" అంటే సంతోషించమని. ఆవిడ "ఆగండి, నెమ్మదిగా" అంటూ మధ్యలో ఏడ్చింది. చివర్లో ఎలా అడగాలో తెలియనట్టు ఆగి, "ఒక్క మాటండీ. అది కుదురుకునేదాకా మీరు రాకుండా ఉంటే మేలని ఆఫీసులో అంటున్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది. మీరొస్తే మళ్లీ మొదటికొస్తుందేమో" అంది.

ఎన్నాళ్లు అని అడగలేదు. సరే అన్నాను.

ఆయన నువ్వు చేసి పంపిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డ్యూటీకి వెళ్లలేదు. పైవాటా ఆవిడ మొన్న వచ్చి చుట్టూ చూసి, ఎంత హాయిగా ఉందండీ మీ ఇల్లు, ఎవరు చేశారు అంది. నీ చిరునామా ఇచ్చాను.

అమ్మడు


షెడ్డు
ఫిబ్రవరి

అమ్మడూ,

ఉత్తరం టైలరుకి చదివి వినిపించాను. నా గొంతు ఎంత గట్టిగా ఉందో నాకు తెలియదు. వీధిలో వాళ్లు ఇటే చూస్తున్నారని వాడు సైగ చేశాడు. ఇద్దరం మళ్లీ మాట్లాడుకుంటున్నాం.

పైవాటా ఆవిడ పని ఇప్పట్లో చెయ్యను. షెడ్డు మూశాను. నాలుగు వారాలో, నలభై రోజులో, మీ ఇంట్లో ఉంటాను. నాకు మంచం వద్దు, హాల్లో ఎక్కడో ఒక చాప చాలు. వంట నేను చేస్తాను. అల్లుడు డ్యూటీకి వెళితే తలుపు వేస్తాను, వస్తే తీస్తాను. మీరు మాట్లాడక్కర్లేదు. మాట్లాడినా నాకు పెద్ద తేడా ఏం లేదు.

వచ్చి నేను బాగుచేసేదేమీ లేదని తెలుసు. గురువారం సాయంత్రం బస్సుకి దిగుతాను. పనిముట్లు తేవడం లేదు.

బాబాయ్